టెలిఫోనులో వచ్చిన ఆజ్ఞ

ఆసుపత్రిలో వైద్యుడు ఆదేశించును, నర్సు ఆచరించును. రోగి మేలునకై ఏర్పడిన ఈ పద్ధతి ఒక్కొక్కప్పుడు వివేకమును సైతము అణచివేయగలదా? అమెరికాలో చార్లెస్ హాఫ్లింగ్ అను మనోవైద్యుడును, ఆయన సహచరులును ఈ విషయమును పరీక్షించి 1966లో ఫలితములను ప్రకటించిరి.

సాయంకాలమున వార్డులో పనిచేయుచున్న 22 మంది నర్సులకు, వారెన్నడును చూడని ఒక ‘వైద్యుడు’ టెలిఫోను చేసి, ఒక రోగికి 20 మిల్లీగ్రాముల మందు ఇమ్మని చెప్పెను. రోజుకు 10 మిల్లీగ్రాములు మించరాదని డబ్బీపైననే వ్రాసియుండెను. టెలిఫోను ఆదేశముపై మందిచ్చుటయు నియమవిరుద్ధమే. అయినను 21 మంది ఇచ్చుటకు సిద్ధపడిరి. అది హానిచేయని గ్లూకోజు. రోగికి అందకమునుపే వారిని ఆపివేసిరి. ఇట్టి సందర్భమున ఏమి చేయుదురని వేరుగా 12 మంది నర్సులను ప్రశ్నింపగా, 10 మంది మందు ఇయ్యమనియే చెప్పియుండిరి!

దీనినిబట్టి నర్సులను నిందించుట న్యాయము కాదు. 1977లో ప్రచురితమైన మరియొక పరిశోధనలో, మందు పరిచితమైనదై, తోటివారిని సంప్రదించు వీలుండగా, 18 మందిలో ఇద్దరు మాత్రమే అధికమోతాదు నిచ్చుటకు సిద్ధపడిరి. మందును గూర్చిన పరిజ్ఞానమును, తోటివారి సలహాయును వివేకమునకు బలము నిచ్చును.

కనుక మోతాదు విషయమై సందేహము కలిగినచో సిబ్బంది మరల అడిగి తెలిసికొనవలెను. వైద్యులును అట్టి ప్రశ్నను అవిధేయతగా భావింపరాదు. సకాలమున అడిగిన ఒక్క ప్రశ్న రోగి ప్రాణమును కాపాడవచ్చును.