కొండలలో క్రొత్త తూకము

నర్సీపట్నమునుండి చింతపల్లికి పోవు ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుచు కొండలెక్కి, సముద్రమట్టమునకు ఇంచుమించు 1000 మీటర్ల యెత్తున ఒక చిన్న గ్రామమును చేరును. ఆ గ్రామమే లంబసింగి. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి మండలమున ఇది కలదు. మార్గశిర పుష్యమాసములలో ఇచట వేకువజామున పొగమంచు దట్టముగా క్రమ్మును. ఉష్ణోగ్రత ఒక్కొక్కప్పుడు సున్న డిగ్రీల దరిదాపులకు దిగును. ఈ ఊరికి కొర్రబయలు అను మరియొక పేరు కలదు. 'కొర్ర' యనగా కర్ర. ఆరుబయట పరుండినవాడు తెల్లవారునప్పటికి కర్రవలె బిగిసిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు.

క్రొత్త యంత్రములు, క్రొత్త ఆలోచనలు నేడు లోకమందంతటను వర్తకమును, విద్యను మార్చుచున్నవి. పట్టణములలో ఈ మార్పు మనకు ప్రతిదినము కనబడుచునే యున్నది. కాని ఒక క్రొత్త సాధనము వచ్చినప్పుడు దాని ఫలము ఎవరికి చేరును? దానిని తెచ్చినవానికా, దానిని వాడు నేర్పు తెలిసినవానికా, లేక కష్టపడి పనిచేసినవానికా? ఈ ప్రశ్నకు సమాధానము లంబసింగి కొండలలోను, దానికి ఉత్తరముగా నున్న పాడేరు, అరకు కొండలలోను స్పష్టముగా గోచరించును.

బాట కూడ ఒకనాడు క్రొత్త సాధనమే. ఆంగ్లేయుల పాలనలో ఈ మన్యమున బాటలు వేయుటకు ప్రభుత్వము పూనుకొన్నది. బాట వచ్చిన మేలే గదా అని మనకు తోచును. కాని ఆ పనికి గిరిజనులను బలవంతముగా రప్పించి, చాలీచాలని కూలి నిచ్చిరి. అదే కాలమున అటవీ చట్టములు వారి పోడు వ్యవసాయమునకు అడ్డు వచ్చినవి. ఇట్టి కష్టములే అల్లూరి సీతారామరాజు నాయకత్వమున జరిగిన మన్యపు తిరుగుబాటునకు కారణములైనవి. 1922వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన తిరుగుబాటుదారులు చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసిరి. బాట మంచిదే, కాని దానిని వేసిన చేతులకు అది మేలు చేయలేదు.

సంతలోని త్రాసు సంగతియు అట్టిదే. గిరిజనుడు చింతపండు, తేనె, పసుపు, అడ్డాకులు నెత్తిన మోసికొని, కొండ దిగి సంతకు వచ్చును. తూకము వర్తకునిది; ధర వర్తకుడు చెప్పినది; లెక్క వర్తకుడు వ్రాసినది. చదువు రానివానికి ఆ మూటి యందును నోరెత్తుటకు వీలు లేకుండెను. ఈ అన్యాయమును తగ్గించు ఉద్దేశముతో 1956వ సంవత్సరమున విశాఖపట్టణము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ స్థాపింపబడినది. అడవి సరకులను నిర్ణయించిన ధరకు కొనుట, ఉప్పు పప్పు మొదలగు నిత్యావసర వస్తువులను సరసమైన ధరకు అమ్ముట దాని ముఖ్యకార్యములు. యంత్రమేమియు లేకున్నను ఇది గొప్ప క్రొత్త ఆలోచనయే. పదిమంది కలిసి బేరమాడినచో, ఒంటరివాడు పొందలేని ధరను పొందగలరనుట దాని సారము.

ఇక కాఫీ కథ. తూర్పు కనుమలలోనికి ఈ పంట 1898వ సంవత్సరమున గోదావరీ ప్రాంతపు పాములేరు లోయలో అడుగు పెట్టినదని చెప్పుదురు. తరువాత అది క్రమముగా అరకు, చింతపల్లి ప్రాంతములకు ప్రాకినది. పోడు కొరకు ఏటేట అడవి నరకుటకు బదులు, చెట్లనీడనే పండు కాఫీని సాగుచేసినచో అడవియు నిలుచును, కుటుంబమునకు రాబడియు వచ్చును. ఈ ఆలోచనతోనే ప్రభుత్వము గిరిజనులచే కాఫీ తోటలను వేయించినది. సిల్వర్ ఓక్ చెట్లు నీడ నిచ్చును. వానికి మిరియపు తీగలు ప్రాకును. క్రింద కాఫీ మొక్కలు పెరుగును. ఒకే నేలపై మూడు ఫలములు! చింతపల్లికి సమీపమున ఆర్.వి. నగర్ నందు కాఫీ బోర్డువారి ప్రాంతీయ పరిశోధనా కేంద్రము కూడ కలదు.

అయితే పంట పండినంతమాత్రమున ధర రాదు. కాఫీ పండ్లు కొమ్మపై ఒక్కసారిగా పండవు. ఒకే గుత్తిలో ఎఱ్ఱని పండు, దాని ప్రక్కనే పచ్చికాయ యుండును. పూర్వము పెక్కుమంది అన్నిటిని కలిపి దూసి, నేలపై ఎండబెట్టి అమ్మెడివారు. అట్టి గింజలకు మట్టివాసన పట్టును; రుచి చెడును; ధర పడిపోవును. పండినవానిని మాత్రమే ఏరి కోసి, అదేనాడు యంత్రముపై తొక్క ఒలిచి, గింజనంటిన జిగురును పులియబెట్టి, నీటితో కడిగి, నేలకు తగులకుండ ఎత్తైన బల్లలపై ఆరబెట్టినచో ఆ గింజకే మంచి ధర పలుకును. సుమారు ఆరు కిలోల పండ్లనుండి ఒక కిలో గింజలు మాత్రమే లభించును. కావున పండ్ల యేరికలో చేసిన చిన్న పొరపాటు కూడ రైతునకు పెద్ద నష్టమగును.

ఈ మెళకువలను నేర్చుకొన్నపిమ్మట ఈ కొండల కాఫీ దేశాంతరములకు పోయినది. 2017వ సంవత్సరమున పారిస్ నగరమున 'అరకు' పేరుతో కాఫీ దుకాణము వెలసినది. 2019వ సంవత్సరమున 'అరకు వ్యాలీ అరబికా కాఫీ'కి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరును ఆ కొండలలో పండిన కాఫీకి తప్ప అన్యులు వాడుకొనరాదని దాని భావము. ఆ విధముగ ఒక ఊరి పేరే ఆస్తియైనది. ఇదియు నేటి వర్తకము నేర్పిన పాఠమే.

ఇపుడు చేతిఫోను సంగతి చూతము. కొన్నియేండ్ల క్రిందట లంబసింగి పేరు మైదానములలో ఎక్కువమందికి తెలియదు. మంచు కప్పిన లోయల చిత్రములను యాత్రికులు ఫోనులలో ఒకరికొకరు పంపుకొనగా ఆ పేరు తెలుగునాట అంతటను వ్యాపించినది. నేడు చలికాలమున వేలకొలది జనులు తెల్లవారక మునుపే ఆ ఘాట్ రోడ్డు నెక్కి వచ్చుచున్నారు. టీ దుకాణములు, బసలు, గుడారములు వెలసి కొందరికి జీవనోపాధి కలిగినది. దానితోపాటు ప్లాస్టిక్ సంచులు, సీసాలు కొండవాలులలో పేరుకొనుచున్నవి. ఒకే సాధనము తెచ్చిన లాభనష్టములు రెండును అచటనే కన్నులకు కట్టుచున్నవి.

ఆ ఫోనే రైతునకు మరియొక విధముగ ఉపయోగపడగలదు. 2023వ సంవత్సరమున ఐరోపా సమాఖ్య ఒక చట్టమును చేసినది. తమ దేశములకు వచ్చు కాఫీ అడవిని నరికిన నేలలో పండినది కాదని ఋజువు చూపవలెననియు, పండిన చేను ఏ అక్షాంశ రేఖాంశములపై నున్నదో తెలుపవలెననియు ఆ చట్టము కోరుచున్నది. దాని అమలు పలుమార్లు వాయిదా పడినది. అయినను ఆ దారి మాత్రము స్పష్టముగ నున్నది. ఆకాశమునందలి ఉపగ్రహముల సాయమున ఫోను చేను స్థానమును గుర్తించగలదు. అడవినీడలో కాఫీ పండించు గిరిజనునకు ఈ నియమము వరముగా మారవచ్చును. కాని తన చేను వివరములు తనకే తెలియనివానికి, నమోదు చేయుట రానివానికి అదే నియమము అడ్డుగోడ కాగలదు.

జ్ఞానమెంత అవసరమో 2025వ సంవత్సరము మరల చూపినది. ఆ యేడు అరకు ప్రాంతపు తోటలలో కాయతొలుచు పురుగు కనబడినది. మిక్కిలి చిన్నదైన ఈ నల్లని పురుగు కాయలోనికి దొలుచుకొనిపోయి గింజను తినివేయును. ఆఫ్రికానుండి వచ్చిన ఈ పురుగు భారతదేశమున మొదట 1990వ సంవత్సరమున నీలగిరి ప్రాంతమున బయటపడినది. పురుగు పట్టిన కాయలను ఏరి, మరగు నీటిలో ముంచి, గోతిలో పూడ్చిపెట్టవలెను. నేల రాలిన కాయలను కూడ విడువరాదు. ఒక్క తోటలో అజాగ్రత్త చూపినచో ప్రక్క తోటలన్నియు చెడును. కావున ఇరుగుపొరుగు వారందరికిని ఈ సంగతి తెలిసినపుడే ఒక్కొక్కరి పంటయు దక్కును.

ఈ తెలివి ఎచటనుండి రావలెను? బడినుండియే. కాని కువి వంటి భాషలు మాటలాడు ఇండ్లనుండి వచ్చిన బాలునకు బడిలోని తెలుగు మొదట పరభాషయే. గురువు చెప్పునది తెలియక, తన మాట గురువునకు తెలియక, పెక్కుమంది పిల్లలు మొదటి తరగతులలోనే బడి మానిరి. ఈ లోపమును గుర్తించి 2004వ సంవత్సరమున రాష్ట్రప్రభుత్వము కువి, కొండ, సవర, కోయ మొదలగు ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధనను ఆరంభించినది. ఆ భాషలను తెలుగు లిపిలో వ్రాసి పాఠ్యపుస్తకములను సిద్ధము చేసిరి. తల్లి పలుకుతో చదువు మొదలిడి, మెల్లగా తెలుగునకు, ఆంగ్లమునకు సాగుట దీని పద్ధతి. ఇందు వెలగల యంత్రమేమియు లేదు. పిల్లవానికి తెలిసినదానినుండి తెలియనిదానికి దారి వేయుటయే యున్నది.

2020వ సంవత్సరమున కరోనా వ్యాధివలన బడులు మూతబడినప్పుడు పాఠములు ఫోనులలోనికి వచ్చినవి. పట్టణపు పిల్లలు ఇంటనే కూర్చుండి వినిరి. మన్యమున ఫోను గల పిల్లలు సిగ్నలు కొరకు కొండకొమ్ము లెక్కవలసివచ్చెను. ఫోను లేనివారికి ఆ పాఠమే లేదు. తరువాత 2023వ సంవత్సరమున ఈ జిల్లాలో పెక్కు క్రొత్త టవర్లు నెలకొల్పబడినవి. అయినను టవరు పాఠమును చేర్చగలదే గాని, దానిని అర్థము చేయింపజాలదు. ఆ పని గురువుదియు, పుస్తకముదియు, విద్యార్థి శ్రద్ధదియునై యున్నది.

బాలబాలికలారా! బాట, త్రాసు, కాఫీ యంత్రము, చేతిఫోను, పాఠ్యపుస్తకము — ఇవి యన్నియు తమ తమ కాలములలో ఈ కొండలకు వచ్చిన క్రొత్త సాధనములే. వానిని గూర్చి తెలియని చోట అవి పరుల పనిముట్లుగా నుండెను. తెలిసికొన్న చోట కొండవారి సొంతమైనవి. నేడు కాఫీ సంచిని తూకమునకు పెట్టునపుడు, బడిలో చదువు బాలిక తన తండ్రి ప్రక్కన నిలిచి అంకెలను చదివి, ధరతో హెచ్చించి, చేతికి రావలసిన పైకమును తానే చెప్పగలదు. ఒకనాడు నోరెత్తలేక నిలిచిన ఆ త్రాసు ముందు ఈ లెక్క వినబడుటయే ఆ కొండలలో కలిగిన నిజమైన మార్పు.