బ్రహ్మకమలం, థునేర్: ఒకే కొండల్లో రెండు రకాల ముప్పు

మన ఇళ్లలో రాత్రిపూట విచ్చుకునే తెల్లపువ్వు మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్‌ది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పమైన అసలు బ్రహ్మకమలం వేరు, అది చామంతి కుటుంబానిది. చెట్లు ఆగిపోయే ఎత్తున, రాళ్ల మధ్య పెరిగి, జులై నుంచి సెప్టెంబరు దాకా పూస్తుంది. మీగడ రంగులో మనకు కనిపించేవి రేకులు కావు, కాగితమంత పల్చటి ఆకులు. వాటిని వేలితో తప్పిస్తే లోపల ఊదారంగు పూలగుత్తి ఉంటుంది. చలిగాలి, వాన దానికి తగలకుండా ఆ ఆకులే కాపాడతాయి.

కాస్త కిందికి దిగితే అడవి నీడలో థునేర్ ఉంటుంది. గఢ్వాల్ వాళ్లు అలా పిలిచే ఈ చెట్టు హిమాలయన్ యూ. ఇది దేవదారులాగే కోనిఫరే అయినా దీనికి చెక్కలాంటి కాయ కాయదు. ఒక్కో గింజ చుట్టూ ఎర్రటి గుజ్జు ఉంటుంది. ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు కాబట్టి, చెట్లు పల్చబడ్డ చోట గింజ కట్టడమూ కష్టమే. పెరుగుదల మహా నెమ్మది.

దీనికి గిరాకీ తెచ్చింది క్యాన్సర్ మందు. అమెరికాలో పసిఫిక్ యూ బెరడు నుంచి తీసిన ప్యాక్లిటాక్సెల్ నిర్మాణాన్ని మన్రో వాల్, మహారాష్ట్రలో పుట్టిన మన్‌సుఖ్ వాణీ బృందం 1971లో ప్రకటించింది. 1992లో అండాశయ క్యాన్సర్‌కు దాన్ని వాడటానికి అక్కడ అనుమతి వచ్చింది. ఎందరికో ఆయుష్షు పోసిన మందు అది. కానీ ఆ గిరాకీ హిమాలయాల దాకా పాకింది. చుట్టూ బెరడు ఒలిస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది. 1995లో దీన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చారు. ఇప్పుడిది అంతరించే ప్రమాదంలో ఉన్న చెట్టు.

బ్రహ్మకమలం కథ వేరు. నందాదేవికి, కేదారనాథుడికి సమర్పించడానికి పువ్వు కోస్తారు. మొక్క అప్పటికి బతికే ఉంటుంది, పోయేది విత్తనం. ఏటా యాత్రికులు పెరిగి, విచ్చిన ప్రతి పువ్వూ బుట్టలోకి చేరితే కొత్త మొలక ఎక్కడి నుంచి రావాలి? వేడి పెరిగితే ఇంకా పైకి జరుగుదామన్నా, పైన మిగిలేది మంచూ రాయే.

అందుకే రెంటికీ ఒకే నిషేధం చాలదని నా అభిప్రాయం. థునేర్ బెరడు జోలికి అసలు పోకూడదు. ఆ మందును యూ ఆకుల నుంచి, ప్రయోగశాలలో పెంచిన యూ కణాల నుంచి కూడా తయారుచేస్తున్నారు కాబట్టి ఇది సాధ్యమే. బ్రహ్మకమలం విషయంలో పూజ మానమనక్కర్లేదు. కోసే చోట కొన్ని పూలను గింజ ముదిరే దాకా మొక్క మీదే వదలాలి, ఏటా అదే వాలులో కోయకూడదు.