ముక్కు సరిచేస్తే గాలి యంత్రం అక్కర్లేదా?

ఒక పొడవాటి గ్లాసు నిండా నీళ్ళు పోయండి. ఒక స్ట్రాను, దాని కొన సరిగ్గా 10 సెంటీమీటర్ల లోతులో ఉండేలా ముంచండి. ఇప్పుడు మెల్లగా ఊదండి. మొదటి బుడగ బయటికి రావాలంటే మీరు కలిగించాల్సిన పీడనం ఎంతో తెలుసా? 10 సెంటీమీటర్ల నీటి పీడనం. ఇంత కొద్దిపాటి పీడనం సాయంతోనే ఎంతోమంది రాత్రిళ్ళు ఊపిరి ఆగకుండా నిద్రపోగలుగుతున్నారు. అదెలాగో చూద్దామా?

గొంతు ఎందుకు మూసుకుంటుంది?

మెలకువగా ఉన్నప్పుడు మన గొంతు కండరాలు బిగువుగా ఉండి గాలిదారిని తెరిచి ఉంచుతాయి. నిద్రపట్టగానే అవి సడలుతాయి. కొందరిలో నాలుక మొదలూ, మెత్తని అంగిలీ వెనక్కి జారి దారిని మూసేస్తాయి. తడిసి మెత్తబడిన కాగితపు స్ట్రాతో గట్టిగా పీలిస్తే అది అతుక్కుపోతుంది కదా, అలాగన్నమాట!

అప్పుడు ఊపిరి 10 సెకండ్లో, అంతకంటే ఎక్కువసేపో ఆగిపోతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. వెంటనే మెదడు మనిషిని కాస్త మేల్కొలుపుతుంది. పెద్ద గురకతో ఊపిరి మళ్ళీ అందుతుంది. జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో ఇలా గంటకు 30 సార్లు, అంతకు మించి కూడా జరుగుతుంది. దీన్నే 'స్లీప్ ఆప్నియా' అంటారు. తెల్లవారాక రోగికి ఇదేమీ గుర్తుండదు. పగలంతా కునికిపాట్లు మాత్రం తప్పవు. రక్తపోటు కూడా పెరగవచ్చు. అతను లారీ నడిపే మనిషైతే, ఒక్క కునుకు ఎంత ప్రమాదమో ఆలోచించండి!

గాలితోనే వైద్యం

ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన కోలిన్ సల్లివన్, ఆయన సహచరులు దీనికొక ఉపాయం కనిపెట్టారు. ముక్కు ద్వారా కొద్ది పీడనంతో ఎడతెగకుండా గాలి పంపితే గొంతు మూసుకోదని 5 గురు రోగుల్లో చూపి, 1981లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. ఈ యంత్రాన్ని 'సీప్యాప్' అంటారు. ఇది పంపేది ఆక్సిజన్ కాదు, గదిలోని మామూలు గాలే. సైకిల్ ట్యూబులో గాలి కొడితే అతుక్కున్న గోడలు విడిపోతాయి కదా! గొంతులోనూ జరిగేది అదే.

అయితే ఆ గాలి ముందుగా ముక్కును దాటాలి. కొందరికి ముక్కు దూలం వంకరగా ఉంటుంది. కొందరికి ముక్కులో కండ పెరుగుతుంది. నున్నని గొట్టంలో గాలి నిమ్మళంగా పారేటప్పుడు, గొట్టం వ్యాసార్థం సగమైతే నిరోధం 16 రెట్లు అవుతుంది. ముక్కు నున్నని గొట్టం కాదు. అయినా దారి ఇరుకైతే యంత్రమిచ్చే పీడనంలో కొంత అక్కడే ఖర్చయిపోతుంది. పీడనం పెంచితే మాస్కు పక్కలనుంచి గాలి కారుతుంది, నోరు తెరుచుకుని గొంతు ఎండిపోతుంది. విసుగెత్తిన రోగి అర్ధరాత్రి మాస్కు పీకేస్తాడు. కొన్నాళ్ళకు యంత్రం బీరువా ఎక్కుతుంది!

కత్తి ఏం చేయగలదు?

మరి ఆపరేషన్ చేసి ముక్కు సరిచేస్తే యంత్రమే అక్కర్లేదా? అలా అనుకుంటే పొరపాటే. మూసుకుపోయేది గొంతు, ముక్కు కాదు. అందుకే ముక్కు ఆపరేషన్ ఒక్కటే చేస్తే, ఊపిరి ఆగే సార్లు చాలామందిలో పెద్దగా తగ్గవు.

కాని మరో లాభముంది. అంతకుముందు జరిగిన పరిశోధనలను కలిపి లెక్కగట్టిన ఒక వ్యాసం 2015లో 'స్లీప్' అనే పత్రికలో వచ్చింది. ఆపరేషన్‌కు ముందు 82 మందికి సగటున 11.6 సెంటీమీటర్ల పీడనం కావలసి వచ్చింది. తరువాత 9.5 సరిపోయింది. మన గ్లాసులో స్ట్రాను 2 సెంటీమీటర్లు పైకి లాగినట్లే! యంత్రంలోని మీటరు ప్రకారం చూస్తే, 33 మంది రాత్రికి సగటున 3 గంటలు వాడేవారు కాస్తా 5.5 గంటలు వాడసాగారు. 33 మంది అంటే తక్కువే. కనుక ఈ లెక్కలు అందరికీ వర్తిస్తాయని చెప్పలేం. అయినా అవి చూపే దారి స్పష్టమే. ఆపరేషన్ యంత్రాన్ని మాన్పించదు, దాన్ని వాడగలిగేలా చేస్తుంది.

ముక్కు దిబ్బడ ఉన్న ప్రతివారికీ కత్తి అవసరం లేదు. అలర్జీకి మందులు, ముక్కులో కొట్టే స్ప్రే, సరిగా అమరే మాస్కు, గాలికి తేమనిచ్చే పరికరం – వీటితోనే చాలామందికి సుఖం కలుగుతుంది. ఇవి పనిచేయనప్పుడే డాక్టర్లు ఆపరేషన్ సంగతి ఆలోచిస్తారు.

మీ తాతయ్యో, మామయ్యో గురకపెడుతూ మధ్యలో నిశ్శబ్దమైపోయి, మళ్ళీ ఉలిక్కిపడి ఊపిరి పీలుస్తున్నారా? నవ్వి ఊరుకోకండి. ఎన్ని సెకండ్లు ఊపిరి ఆగిందో గడియారం చూసి రాసిపెట్టండి. ఆ కాగితాన్ని డాక్టరుకు చూపించమనండి. నిద్రపోయే మనిషికి తన జబ్బు కనిపించదు. పక్కన మెలకువగా ఉన్న మీకే కనిపిస్తుంది.