గ్రామ వెబ్‌సైటును నిర్మించుట ఎట్లు?

నేడు పల్లెలలోని సహకార సంఘములు, పాఠశాలలు, రైతుల ఉత్పత్తి సంఘములు తమకును ఒక వెబ్‌సైటు ఉండవలెనని కోరుచున్నవి. కోరిక మంచిదే. కాని ముందుచూపు లేనిచో, ఆర్భాటముగా ప్రారంభించిన వెబ్‌సైటు ఏడాది తిరుగక ముందే పాతబడును. మారిపోయిన ఫోను నంబర్లు, గడువు తీరిన ప్రకటనలు అందులో మిగిలిపోవును. వానిని నమ్మి బయలుదేరిన రైతునకు బస్సు ఛార్జీయు, ఒక దినపు కూలియు నష్టమగును. కనుక వెబ్‌సైటును నిర్మించు రెండు పద్ధతులను గూర్చి మనము తెలిసికొనుట అవసరము.

మొదటిది చేతితో కోడు వ్రాయు పద్ధతి. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది బొమ్మ అని తెలుపు గుర్తులను మాటల మధ్య ఉంచి, ఒక్కొక్క పుటను ఒక్కొక్క ఫైలుగా వ్రాయుదురు. ఈ గుర్తుల భాషకే హెచ్.టి.ఎం.ఎల్. అని పేరు. జెనీవా సమీపమున సెర్న్ పరిశోధన సంస్థలో పనిచేసిన టిమ్ బెర్నర్స్-లీ 1991లో లోకమునకు వెల్లడించిన మొదటి వెబ్‌సైటు ఇట్టిదే. ఇట్టి పుటలు తేలికైనవి. సిగ్నలు బలహీనముగా నున్నచోట కూడ త్వరగా తెరచుకొనును. చెడిపోవు భాగములు తక్కువ. కాని ఒక్క ఫోను నంబరు మార్చవలెనన్నను కోడు తెలిసినవారు కావలెను. వారు పట్నమునకు తరలిపోయినచో పని నిలిచిపోవును.

రెండవది విషయ నిర్వహణ వ్యవస్థ. ఇంగ్లీషులో దీనిని కంటెంట్ మేనేజిమెంట్ సిస్టమ్ అందురు. ఇందులో విషయము ఒకచోట, పుట రూపము వేరొకచోట భద్రపరుపబడును. చదువరి కోరినప్పుడు ఆ రెంటిని కలిపి పుటగా చూపును. కార్యాలయములో అచ్చు ఫారము సిద్ధముగా నుండగా మనము ఖాళీలు నింపుట వంటిదే యిది. 2001లో వచ్చిన ద్రూపల్, 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ ఈ తరగతికి చెందినవి. వీనిని లైసెన్సు రుసుము లేకుండ వాడుకొనవచ్చును. కోడు తెలియనివారును లోనికి ప్రవేశించి, తెలుగులో టైపు చేసి ప్రకటింపవచ్చును.

ఈ భేదమునకు మన ప్రాంతము నుండియే ఒక ఉదాహరణము చూతము. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి, రామసముద్రం మండలము చిత్తూరు జిల్లా నుండి అన్నమయ్య జిల్లాలో చేరినది. ఆనాడు రామసముద్రమును గూర్చి ఇరువది పుటల చేతివ్రాత వెబ్‌సైటు ఉండెననుకొందము. ప్రతి పుట అడుగున జిల్లా పేరున్నచో, ఇరువది ఫైళ్ళను తెరచి దిద్దవలసియుండెడిది. విషయ నిర్వహణ వ్యవస్థలో అడుగు భాగమును ఒక్కచోట మార్చిన చాలును. అయితే వ్యాసముల నడుమ వ్రాసిన పేర్లను మాత్రము ఏ పద్ధతిలోనైనను వెదకి దిద్దుకొనవలసినదే.

ప్రభుత్వమును ఈ మార్గమునే అనుసరించినది. జాతీయ సమాచార కేంద్రము రూపొందించిన ఎస్-త్రీ-వాస్ అను ఉమ్మడి చట్రముపై జిల్లాల వెబ్‌సైట్లు వెలసినవి. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాయు ఇట్టి వ్యవస్థపైననే నడచుచు, కోడు ఎరుగని స్వచ్ఛంద రచయితలచే వేల గ్రామములను గూర్చి వ్రాయించుకొనగలిగినది.

అట్లని ఈ వ్యవస్థకు చిక్కులు లేకపోలేదు. సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు నవీకరింపవలెను. అశ్రద్ధ చేసినచో తెలిసిన లోపముల గుండ దొంగలు చొరబడి, సంఘము పేరుతోనే మోసపు ప్రకటనలు పెట్టగలరు. అనవసరమైన అదనపు హంగులు చేర్చిన కొలది పుట బరువెక్కును, ప్రమాదమును పెరుగును.

కావున నిర్ణయమునకు రెండు ప్రశ్నలు చాలును: విషయము ఎంత తరచుగా మారును? ఎందరు వ్రాయుదురు? ఊరి చరిత్ర, పాఠశాల చిరునామా వంటివి అరుదుగా మారును గనుక చేతివ్రాత పుటలు చాలును. మదనపల్లె మార్కెట్టులో టమాటా ధర దినదినము మారును. అట్టి ధరలను, శిక్షణ తేదీలను పలువురు సభ్యులు ప్రకటింపవలసినచో విషయ నిర్వహణ వ్యవస్థయే తగినది.

ఏ పద్ధతి యైనను కొన్ని జాగ్రత్తలు తప్పవు. తెలుగును యూనికోడులోనే వ్రాయవలెను. పూర్వపు ప్రత్యేక ఫాంట్లతో వ్రాసినది, ఆ ఫాంటు లేని యంత్రములలో చదువ వీలుకాదు. వెబ్‌సైటు చిరునామాను నిర్మించినవారి పేర గాక సంఘము పేరనే నమోదు చేయింపవలెను. లోనికి ప్రవేశించు అధికారము బాధ్యతగల ఇద్దరికైనను ఉండవలెను. నెలకొకసారి నకలు తీసి వేరుగా దాచవలెను. ప్రతి ప్రకటన క్రింద తేదీ వేయవలెను.

నిర్మాణమునకు సొమ్ము మంజూరు చేయుటకు ముందే, వారము వారము సరిచూచు బాధ్యత ఎవరిదో సంఘ సమావేశములో తీర్మానింపుడు. ఆ పని ఒప్పుకొన్నవారికి ఏ పద్ధతి చేతనగునో, ఆ పద్ధతియే మీ గ్రామమునకు తగినది.