గులాబీకి పేటెంట్ ఇస్తారా? మీకు తెలుసా?

పుప్పాలగూడలో ఏ అపార్ట్‌మెంట్ వైపు తలెత్తి చూసినా బాల్కనీలో ఒక్క గులాబీ కుండీ అయినా కనబడుతుంది. పొద్దున్నే ఆ కుండీకి నీళ్లు పోసి, నానక్‌రామ్‌గూడకో రాయదుర్గానికో వెళ్లి సాయంత్రం దాకా కోడ్ రాసేవాళ్లు ఇక్కడ బోలెడుమంది. ఆ పువ్వుకూ ఆ కోడ్‌కూ మన పేటెంట్ చట్టంలో దగ్గరి చుట్టరికం ఉంది.

1. పువ్వు, కోడ్ పక్కపక్కనే

మన పేటెంట్ల చట్టం 1970 నాటిది. ఏవి ఆవిష్కరణలు కావో దాని మూడో సెక్షన్ జాబితా కట్టి చెబుతుంది. అందులో ‘జె’ క్లాజు ప్రకారం మొక్కలకు, జంతువులకు, వాటి భాగాలకు, విత్తనాలకు, రకాలకు పేటెంట్ లేదు. సూక్ష్మజీవులకు మాత్రమే మినహాయింపు. ఆ వెంటనే ఉన్న ‘కె’ క్లాజు గణిత పద్ధతులను, వ్యాపార పద్ధతులను, అల్గారిథమ్‌లను, వట్టి కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను పక్కన పెడుతుంది. ఈ రెండు క్లాజులూ 2002 సవరణలో కలిసే వచ్చాయి, 2003 మే 20న కలిసే అమలయ్యాయి. కొత్త గులాబీని పుట్టించినవాళ్లకూ కొత్త ప్రోగ్రామ్ రాసినవాళ్లకూ పేటెంట్ ఆఫీసు చెప్పే మొదటి మాట ఒకటే: కుదరదు.

2. కోడ్‌కు వేరే దారి ఉంది

సాఫ్ట్‌వేర్‌కు తలుపు తెరవాలని 2004లో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. 2005లో పార్లమెంటు చేసిన చట్టంలో ఆ మార్పు లేదు. అయితే ప్రోగ్రామ్ వల్ల యంత్రం పనితీరులో సాంకేతికంగా మెరుగు కనబడితే దరఖాస్తును పరిశీలించాల్సిందేనని ఢిల్లీ హైకోర్టు 2019 డిసెంబరులో ఫెరీద్ అల్లానీ కేసులో చెప్పింది. ఇక కాపీరైట్ అంటారా, అది రాసిన క్షణం నుంచే ఉంటుంది. చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచనే!

3. అంటుకు రాదు, కత్తికి రావచ్చు

అదే మూడో సెక్షన్‌లో ‘హెచ్’ క్లాజు వ్యవసాయ, ఉద్యాన పద్ధతులకు పేటెంట్ లేదంటుంది. గులాబీకి అంటు కట్టే కొత్త తీరు కనిపెట్టినా దానికి పేటెంట్ రాదు. ఆ అంటు కట్టడానికి కొత్తరకం కత్తో, బిగించే క్లిప్పో తయారుచేస్తే మాత్రం దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

4. ప్రపంచంలో తొలి మొక్క పేటెంట్ గులాబీదే

అమెరికాలో లెక్క వేరు. అక్కడ 1930లోనే మొక్కల పేటెంట్ చట్టం వచ్చింది. దాని కింద 1931 ఆగస్టు 18న ఇచ్చిన మొట్టమొదటి పేటెంట్ ‘న్యూ డాన్’ అనే తీగ గులాబీది. అందుకున్నది న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌కు చెందిన హెన్రీ బోసెన్‌బర్గ్. ఆయన దాన్ని సంకరం చేసి పుట్టించలేదు. ‘డాక్టర్ డబ్ల్యూ వాన్ ఫ్లీట్’ అనే గులాబీ ఏడాదికి ఒక్కసారే పూసేది. దానిలో దానంతటదే వచ్చిన మార్పు వల్ల మళ్లీ మళ్లీ పూసే మొక్క తయారైంది. ఆ తేడాను కనిపెట్టి, నిలబెట్టి, పెంచడమే బోసెన్‌బర్గ్ చేసిన పని.

5. ఆ చట్టానికి ఎడిసన్ దన్ను

న్యూ బ్రన్స్‌విక్ పొరుగునే మన తెలుగువాళ్లు వేలల్లో ఉండే ఎడిసన్ పట్టణం ఉంది. ఆ ఊరికి పేరిచ్చిన థామస్ ఎడిసనే ఈ మొక్కల చట్టాన్ని గట్టిగా సమర్థించాడు. వందలాది కొత్త పండ్లను, పూలను సృష్టించిన లూథర్ బర్బాంక్ చట్టం రాకముందే, 1926లో కన్నుమూశాడు. ఆయన పోయాక ఆయన మొక్కలకు 16 పేటెంట్లు వచ్చాయి. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఆ చట్టం దుంపతో పెంచే మొక్కలకు వర్తించదు. అందుకే బంగాళాదుంపకు అక్కడ మొక్క పేటెంట్ దొరకదు.

6. గింజ నాటితే అదే పువ్వు రాదు

తోట గులాబీలన్నీ ఎన్నో తరాల సంకరాలు. ఒక కాయలోని పది గింజలు నాటితే పది రకాల పూలు పూయొచ్చు. నచ్చిన పువ్వు మళ్లీ అచ్చంగా అలాగే కావాలంటే కొమ్మ నాటాలి, లేదా కన్ను తీసి వేరే గులాబీ వేరు మొక్కకు అంటు కట్టాలి. గోదావరి కాలువల పక్కన కడియం నర్సరీల నుంచి లారీలెక్కి మన బాల్కనీలకు చేరే హైబ్రిడ్ గులాబీల్లో చాలావరకు అలా అంటు కట్టినవే. అమెరికా చట్టం కూడా గింజతో కాకుండా ఇలా పెంచగలిగిన మొక్కకే పేటెంట్ ఇస్తుంది. ‘ఇదే నా మొక్క’ అని రుజువు చేయాలంటే ప్రతి మొక్కా ఒకేలా ఉండాలి కదా!

7. బెర్లిన్ పతనమవుతున్న రోజుల్లో ‘పీస్’

రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఫ్రాన్స్‌లో ఫ్రాన్సిస్ మెయాన్ ఒక గులాబీని పుట్టించి, యుద్ధం ముంచుకొస్తుండగా దాని అంటు కొమ్మలను అమెరికా పంపించాడు. 1945 ఏప్రిల్ 29న కాలిఫోర్నియాలోని పాసడీనాలో దానికి ‘పీస్’ అని పేరు పెట్టారు. అమెరికాలో దాని మొక్క పేటెంట్ నంబరు 591. మొక్కలు పుట్టించేవాళ్లకు యూరప్‌లోనూ హక్కులుండాలని మెయాన్ పోరాడాడు. కొత్త మొక్కల రకాల రక్షణకు 1961లో పారిస్‌లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. భారత్ అందులో సభ్యదేశం కాదు.

8. ప్రతి గులాబీకీ రెండు పేర్లు

నర్సరీలో ‘ఐస్‌బర్గ్’ అని అమ్మే తెల్ల గులాబీ అసలు పేరు ‘కోర్‌బిన్’. పసుపురంగు ‘గ్రాహం థామస్’ అసలు పేరు ‘ఆస్‌మాస్’. ఆ పేర్లలో మొదటి ముక్క పుట్టించిన సంస్థ గుర్తు. ‘కోర్’ అంటే జర్మనీ కోర్డెస్, ‘ఆస్’ అంటే ఇంగ్లండ్ డేవిడ్ ఆస్టిన్, ‘మెయ్’ అంటే ఫ్రాన్స్ మెయాన్. అంగట్లో పేరు దేశానికొకటి మారినా ఈ అసలు పేరు మారదు. దొంగ మొక్కను పట్టుకోవడానికి పనికొచ్చేది ఇదే.

9. ఐఏఎస్ ఉద్యోగం వదిలి గులాబీల వెంట

ఎం.ఎస్. వీరరాఘవన్ ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారి. ముందుగానే పదవీ విరమణ తీసుకుని, భార్య గిరిజతో కలిసి కొడైకెనాల్‌లో గులాబీల మీద పడ్డారు. గిరిజ సర్వేపల్లి రాధాకృష్ణన్ మనవరాలు. మనం కొనే హైబ్రిడ్ గులాబీల్లో చాలావరకు చల్లటి దేశాల్లో పుట్టినవి, మన ఎండకు డీలా పడిపోతాయి. అందుకే ఈ దంపతులు మణిపూర్ కొండల్లోని రోజా జైగాంటియాను, మన దేశపు నీటి ముంపు నేలల్లో పెరిగే రోజా క్లైనోఫిల్లాను సంకరానికి వాడారు. వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు పెట్టిన గులాబీ వీళ్లు పుట్టించిందే. వీళ్లకంటే ముందు ఈ దారి పట్టినవారు గోధుమ శాస్త్రవేత్త, ఐసీఏఆర్ తొలి డైరెక్టర్ జనరల్ బి.పి. పాల్. ఆయన గులాబీలు పుట్టించిన కాలానికి కొత్త మొక్క రకానికి హక్కు ఇచ్చే చట్టమే మన దేశంలో లేదు.

10. పేటెంట్ కాదు, మరో హక్కు

ఆ చట్టం 2001లో వచ్చింది. పేరు మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం. రకం కొత్తదై ఉండాలి, ఉన్నవాటికి తేడాగా ఉండాలి, మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, తరాలు మారినా గుణం మారకూడదు. ఈ నాలుగూ నిలిస్తే రిజిస్ట్రేషన్ ఇస్తారు. చెట్లకు, తీగలకు 18 ఏళ్లు, మిగతా పంటలకు 15 ఏళ్లు హక్కు ఉంటుంది. గులాబీ కూడా ఈ చట్టం కిందకు వస్తుంది. మరో మంచి మాట: రిజిస్టరైన గులాబీని పరిశోధనకు, మరో కొత్త రకం పుట్టించడానికి తల్లి మొక్కగా వాడుకోవడాన్ని ఈ చట్టం అడ్డుకోదు.

11. చిప్స్ దుంపల కేసు

రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, నాటుకోవచ్చు, పొరుగువాడికి ఇవ్వచ్చు, అమ్ముకోవచ్చు అంటుంది ఇదే చట్టంలోని 39వ సెక్షన్. బ్రాండ్ పేరు వేసి అమ్మడం మాత్రం కుదరదు. అయినా 2019లో తన ఎఫ్‌సీ5 రకం బంగాళాదుంపను పండించారంటూ పెప్సికో గుజరాత్‌లో నలుగురు రైతుల మీద ఒక్కొక్కరికి 1.05 కోట్ల రూపాయల దావా వేసింది. దేశమంతా గోలెత్తడంతో మే నెలలో వెనక్కి తీసుకుంది. రైతు హక్కుల కార్యకర్త కవిత కురుగంటి పిటిషన్ మీద 2021 డిసెంబరులో ఆ రకం రిజిస్ట్రేషన్ రద్దయింది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది.

12. పత్తి గింజ తగువులో హైదరాబాద్

మొక్కకు పేటెంట్ లేదు సరే, మొక్కలో చొప్పించిన జన్యువుకు ఉంటుందా? బీటీ పత్తి మీద మోన్శాంటోకూ హైదరాబాద్‌కు చెందిన నూజివీడు సీడ్స్‌కూ జరిగిన పోరాటం దీని మీదే. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు పేటెంట్ చెల్లదంది. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి, పూర్తి విచారణ జరపమంది. ఆ విచారణ ముగియకుండానే 2021లో ఇద్దరూ రాజీ పడ్డారు. అసలు ప్రశ్నకు జవాబు రాలేదు. అంతకుముందే, 2006లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు ఎక్కి, 1,600 రూపాయలకు పైగా ఉన్న 450 గ్రాముల బీటీ పత్తి విత్తనాల ప్యాకెట్‌ను 750 రూపాయలకు దించింది.

13. నీలి గులాబీ నిజంగా నీలం కాదు

గులాబీలో నీలిరంగునిచ్చే డెల్ఫినిడిన్ పుట్టదు. జపాన్‌కు చెందిన సంటోరీ, ఆస్ట్రేలియాకు చెందిన ఫ్లోరిజీన్ కలిసి ప్యాన్సీ పువ్వు జన్యువును గులాబీలో పెట్టాయి. 2009లో ‘అప్లాజ్’ పేరుతో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. చూస్తే లేత ఊదారంగే! మన పూలకొట్లలో కనబడే ముదురు నీలం గులాబీ మాత్రం రంగు వేసిన తెల్ల గులాబీ.

14. అమ్మ భుజం నొప్పికి పేటెంట్

పోచంపల్లి చీరకు ముందు ‘ఆసు’ పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని ఒక్కో చీరకు వేలసార్లు చేత్తో తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. ఇంజినీరింగ్ డిగ్రీ లేని ఆయనకు పేటెంట్ వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది.

15. పేటెంట్ ఉన్నా మందు చౌకైంది

బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు నెక్సవార్ ధర అప్పట్లో నెలకు సుమారు 2.80 లక్షల రూపాయలు ఉండేది. ధర జనానికి అందడం లేదంటూ హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా దరఖాస్తు పెట్టింది. పేటెంట్ యజమాని ఒప్పుకోకపోయినా తయారుచేసుకోనిచ్చే ‘తప్పనిసరి లైసెన్స్’ను 2012 మార్చిలో దేశంలోనే తొలిసారి పొందింది. నెల ధర 8,880 రూపాయలకు దిగింది. బేయర్‌కు రాయల్టీ ముట్టింది.

16. పసుపు మీద పేటెంట్

దెబ్బకు పసుపు అద్దడం మన ఇళ్లలో పిల్లలకూ తెలుసు. దానికే 1995లో అమెరికా పేటెంట్ ఇచ్చింది. పాత సంస్కృత గ్రంథాలు, 1953 నాటి వైద్య పత్రికా వ్యాసం ముందుపెట్టి సీఎస్ఐఆర్ 1997లో దాన్ని రద్దు చేయించింది. ఇప్పుడు మన చట్టంలో ‘పి’ క్లాజు సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ లేదని ముందే చెప్పేస్తుంది.

17. ‘ప్రపంచ పేటెంట్’ అనేది లేదు

‘ఇంటర్నేషనల్ పేటెంట్ వచ్చింది’ అని తరచూ వింటాం. అంతర్జాతీయంగా వేసేది ఒక ఉమ్మడి దరఖాస్తు మాత్రమే. ఇవ్వాలా వద్దా అన్నది ఏ దేశానికి ఆ దేశమే తేలుస్తుంది. పుప్పాలగూడవాసి దరఖాస్తు వెళ్లేది చెన్నై పేటెంట్ ఆఫీసుకు, ఆన్‌లైన్‌లోనూ వేసుకోవచ్చు. అలా సొంతంగా ఆన్‌లైన్‌లో వేసుకునే వ్యక్తికి మొదటి ఫీజు 1,600 రూపాయలు. పేటెంట్ దక్కితే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. అయితే ఒక జాగ్రత్త. దరఖాస్తుకు ముందే ఆవిష్కరణను లింక్డ్‌ఇన్‌లో వివరంగా పెట్టేస్తే కొత్తదనం పోయినట్టే.

18. మీ కుండీలో కొత్త రంగు పూస్తే?

ఒకే మొక్కలో ఒక కొమ్మకు మాత్రం వేరే రంగు పూయడం గులాబీల్లో జరిగేదే. రంగులో కాకపోయినా, ‘న్యూ డాన్’ కూడా ఇలా దానంతటదే వచ్చిన మార్పుతో పుట్టిందే. ఆ కొమ్మ కన్ను తీసి వేరే మొక్కలకు అంటు కట్టండి. రెండు మూడు విడతలు అదే రంగు నిలిస్తే అప్పుడు రిజిస్ట్రేషన్ గురించి ఆలోచించవచ్చు. మన దేశంలో అమ్మడం మొదలుపెట్టి ఏడాది దాటితే కొత్త రకంగా పరిగణించరు. ఇంతకీ ముందుగా చూడాల్సింది ఆ కొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందన్నది. అంటుకు పైనుంచి వస్తే అదృష్టం. కింది నుంచి వస్తే అది కొత్త గులాబీ కాదు, అడుగున ఉన్న వేరు మొక్కే తల ఎత్తింది. కత్తిరించేయండి!