పద్యములో నిమిడిన పెద్ద సంఖ్య

చదరంగపు బల్లపై 64 గళ్లు గలవు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుచు పోయినచో మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 అగును.

గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన ఈ ఇరువది అంకెలను ఒక్క పద్యమున ఇమిడ్చెను. అందు శరమనగా 5, శశి యనగా 1. మొదటి మాట ఒకట్ల స్థానమున నిలుచును.

వ్రాయసకాండ్ర చేతిలో అంకె మారినచో నెట్లు? అట్టి తప్పులను పెక్కింటిని గణితమే పట్టియిచ్చును. మొదటి నాలుగు గళ్ల మొత్తము 15. తరువాతి నాలుగింటి మొత్తము 240. ఇట్లు ప్రతి నాలుగింటి మొత్తమును 15 చేత నిశ్శేషముగా భాగింపబడును. కావున పూర్తి సంఖ్యయు అట్లే భాగింపబడవలెను. చివరి అంకె 5. అంకెల కూడిక 87, అది 3 చేత భాగింపబడును. లెక్క సరిపోయినది.

కంప్యూటరు లెక్కయు రెట్టింపుపై నాధారపడినదే. హైదరాబాదు చెంత నార్సింగి పరిసరములందు నేడు పనిచేయు కంప్యూటరులలో 64 బిట్లతో వ్రాయదగిన మిక్కిలి పెద్ద పూర్ణసంఖ్యయు ఇదియే.