ఎండోస్కోప్: పేగుల వంపుల్లో వెలుగు దారి

మింగిన అన్నం ముద్ద పది సెకన్లలోపే జీర్ణాశయానికి చేరుతుంది. అదే దారిలో వైద్యుడి చూపు ఇబ్బంది లేకుండా చేరడానికి నూటయాభై ఏళ్లు పట్టింది. అడ్డుపడింది శరీర నిర్మాణమే. నోటి వెనక దారి ఒక్కసారిగా కిందికి మళ్లుతుంది. అక్కడి నుంచి పాతిక సెంటీమీటర్ల అన్నవాహిక, ఆ తర్వాత ఎడమకు ఒరిగిన జీర్ణాశయం, దాని చివర పైలోరస్ అనే కండర ద్వారం, అది దాటితే వంపు తిరిగిన ఆంత్రమూలం. కండరాలు వరుసగా బిగుసుకుంటూ వదులవుతూ ముద్దను ఈ మలుపులన్నీ దాటిస్తాయి. కాంతి మాత్రం తిన్నగానే పోతుంది.

1806లో జర్మన్ వైద్యుడు ఫిలిప్ బోజినీ కొవ్వొత్తి వెలుగును అద్దంతో గొట్టంలోకి మళ్లించే పరికరం తయారుచేశాడు. శరీరంలోని ద్వారాల దగ్గరి భాగాలు చూడడానికే అది పనికొచ్చింది. 1868లో అడాల్ఫ్ కుస్‌మాల్ కత్తులు మింగే గారడీవాడిని పిలిపించి, 47 సెంటీమీటర్ల లోహపు గొట్టాన్ని అతని జీర్ణాశయం దాకా దించాడు. తల బాగా వెనక్కి వంచితే నోరు, అన్నవాహిక ఒకే వరుసలోకి వస్తాయని దాంతో తేలింది. గొట్టం వెళ్లింది కానీ వెలుగు చాలలేదు. 1881లో వియన్నాలో యోహాన్ మికులిచ్ గొట్టం కొసనే విద్యుత్ దీపం అమర్చాడు. ఇన్ని చేసినా గొట్టం గట్టిదే కాబట్టి అన్నవాహికకు చిల్లుపడే భయం పోలేదు. 1932లో రుడాల్ఫ్ షిండ్లర్, పరికరాల తయారీదారు గేయార్గ్ వోల్ఫ్ కలిసి కింది సగం కొద్దిగా వంగే గొట్టం తెచ్చారు. లోపల వరుసగా పేర్చిన కటకాలు బొమ్మను వంపు దాటించేవి. అయినా జీర్ణాశయంలో కొన్ని మూలలు కనిపించేవి కావు.

పరిష్కారం గాజుపోగుల నుంచి వచ్చింది. సన్నని గాజుపోగులోకి వెళ్లిన కాంతి లోపలి గోడలకు తగిలి పరావర్తనం చెందుతూ, పోగు ఎటు వంగితే అటే సాగుతుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో హెరాల్డ్ హాప్‌కిన్స్, పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ వేల పోగుల కట్టతో బొమ్మను ఒక కొస నుంచి మరో కొసకు పంపారు. వాళ్ల పత్రం 1954 జనవరిలో నేచర్ పత్రికలో వచ్చింది. అది చదివిన జీర్ణకోశ వైద్యుడు బేసిల్ హిర్షోవిట్జ్ లండన్ వెళ్లి చూసి వచ్చి, మిషిగన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రవేత్త విల్బర్ పీటర్స్‌తో పని మొదలుపెట్టాడు. పోగులు ఒకదానికొకటి తగిలిన చోటల్లా కాంతి పక్క పోగులోకి జారిపోయేది. ఈ చిక్కు విప్పింది లారీ కర్టిస్ అనే విద్యార్థి. గాజుకడ్డీని వేరే రకం గాజు గొట్టంలో దూర్చి, రెండూ కరిగించి ఒకే పోగుగా సాగదీశాడు. వక్రీభవన గుణకం తక్కువున్న పైపొర లోపలి కాంతిని బయటికి పోనివ్వలేదు. 1956 డిసెంబరు నాటి ఈ పనే ఎండోస్కోప్ చరిత్రలో అసలు మలుపు. తర్వాతివన్నీ దీనిమీద కట్టినవే. 1957 ఫిబ్రవరిలో హిర్షోవిట్జ్ ఆ గొట్టాన్ని ముందు తానే మింగాడు, కొద్ది రోజులకే రోగికి వేశాడు.

చూపు వెంట చిన్న పట్టకారూ లోపలికి వెళ్లడంతో జీర్ణక్రియ గురించిన నమ్మకాలే మారాయి. జీర్ణాశయంలోని అంత ఘాటైన ఆమ్లంలో సూక్ష్మజీవి బతకదని వైద్యులు అనుకునేవారు. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ ఇలా గిల్లి తీసిన లోపలి పొర ముక్కల్లోనే హెలికోబాక్టర్ పైలోరీని గుర్తించారు, 1982లో దాన్ని పెంచి చూపించారు. కడుపులో పుండ్లకు కారం, కంగారే కారణమన్న వాదన వీగిపోయింది. యాంటీబయాటిక్‌లతో పుండు మానే రోజు వచ్చింది. వాళ్లకు 2005లో నోబెల్ వచ్చింది.

గొట్టం ఆంత్రమూలం చేరాక కాలేయం, క్లోమం కూడా అందుబాటులోకి వచ్చాయి. కొవ్వును విడగొట్టే పైత్యరసం, పిండిపదార్థాన్నీ మాంసకృత్తులనూ అరిగించే క్లోమరసం ఒకే చిన్న బుడిపె గుండా అక్కడికి వస్తాయి. పైత్యరసం వచ్చే నాళంలో రాయి అడ్డుపడితే కామెర్లు వస్తాయి. 1974లో జపాన్, జర్మనీ వైద్యులు విడివిడిగా, ఆ బుడిపెను లోపలి నుంచే కోసి రాయి తీసే పద్ధతి చూపించారు. ఈఆర్‌సీపీ పేరుతో ఇప్పుడు పెద్దాసుపత్రుల్లో జరిగేది అదే. 1983లో గొట్టం కొసకు ఎలక్ట్రానిక్ సెన్సర్ వచ్చి, ఒక్క వైద్యుడి కంటికే కనిపించేది గదిలో అందరికీ తెరమీద కనిపించసాగింది. నేర్పడం సులువైంది.

ఈ విద్య హైదరాబాద్‌లో గట్టిగా వేళ్లూనుకుంది. సోమాజిగూడలో, తర్వాత గచ్చిబౌలిలో పనిచేస్తున్న ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ దేశవిదేశాల వైద్యులకు శిక్షణ ఇస్తోంది. దాన్ని నడిపే డి. నాగేశ్వర్ రెడ్డి కర్నూలు వైద్య కళాశాలలో చదివారు. 2025లో పద్మవిభూషణ్ అందుకున్నారు. దక్షిణ భారతంలో ఎక్కువగా కనిపించే క్లోమం రాళ్లను ఇక్కడ బయటి నుంచి తరంగాలతో పిండి చేసి, మిగిలినవాటిని ఎండోస్కోప్‌తో తీస్తారు. పొట్ట చర్మం కాలి మచ్చలు కట్టిన ఒక రోగికి నాగేశ్వర్ రెడ్డి, శస్త్రవైద్యుడు జి.వి. రావు నోటి గుండా వెళ్లి, జీర్ణాశయం గోడను లోపలి నుంచి కోసి అపెండిక్స్ తీశారు. మనుషుల్లో అలాంటి మొదటి శస్త్రచికిత్సగా ప్రపంచమంతా దాన్ని చెప్పుకుంది. ఆ పద్ధతి మామూలు వైద్యంలోకి రాలేదు కానీ, ఎండోస్కోప్ చేయగల పనికి హద్దు ఎంత దూరం జరిగిందో చూపించింది.

పెద్దపేగులోని పిలకలను (పాలిప్‌లను) 1969 నుంచే ఎండోస్కోప్‌తో కోసి తీస్తున్నారు. మిగిలింది ఆరు మీటర్ల చిన్నపేగు మధ్యభాగం. ఆహారం ఎక్కువగా రక్తంలోకి ఇంకేది అక్కడే, గొట్టం అందనిదీ అక్కడే. ఇజ్రాయెల్ ఇంజనీరు గావ్రియేల్ ఇద్దాన్ మాత్రంత కెమెరాను తయారుచేయగా, 2001లో అది అమెరికాలో వాడుకకు అనుమతి పొందింది. దాన్ని మింగితే పేగుల కదలికే ముందుకు నెడుతుంది. దారి పొడవునా తీసిన వేల ఫొటోలు నడుముకు కట్టిన పెట్టెలోకి చేరతాయి. అయితే అది ఆగలేదు, ముక్క తీయలేదు. ఆ లోటును జపాన్‌లో హిరోనోరీ యామమోటో రెండు బెలూన్ల ఎండోస్కోప్ తీర్చింది. బెలూన్లు ఒకదాని తర్వాత ఒకటి ఉబ్బి పేగును పట్టుకుంటూ గొట్టం మీదికి ముడతలుగా లాగుతాయి. అలా చిన్నపేగు నడుమ దాకా పట్టకారు వెళ్తోంది.